గడపకు అడ్డంగా కవ్వం

"మూత తియ్యి."

ఇంట్లో పనిచేసే గిడ్డమ్మ మొదటి గంగాళం మూత తీసింది.

"రెండోది."

తీసింది.

"మూడోదీ తియ్యమ్మే. దానికొక్కదానికి మరుగెందుకు?"

కృష్ణవేణమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. పెరడంతా పులిసిన వాసన కొట్టింది. మూడు గంగాళాల్లోనూ ఉన్నవి పాలు కావు, పెరుగూ కాదు. తెల్లటి తునకలు ఒక పక్క, పచ్చటి నీళ్లు ఒక పక్క.

నిన్న సాయంత్రం ఊళ్లో ఒక్క ఇల్లు కూడా డెయిరీకి పాలు పోయలేదు. ఉగాదికి మల్లయ్య కొండకు నడిచిపోయే కన్నడ భక్తులు ఈ ఊరు దాటే ముందురోజు ఎవరూ పాలు అమ్మరు. ఒంటి బర్రె ఉన్న ఇంటివాళ్లు కూడా చెంబుతో తెచ్చి శివన్న ఇంటి గంగాళంలో పోసి దండం పెట్టి పోతారు. తెల్లారేసరికి అది పెరుగు కావాలి. ఎండ పొద్దుకు మజ్జిగ కావాలి. శ్రీశైలం దాకా కాళ్లు బొబ్బలెక్కి నడిచే వాళ్ల గొంతులో పడాలి. తాతల నాటి నుంచి ఆ పని ఈ ఇంటిదే.

శివన్న భార్య వెంకటేశ్వరమ్మ బతికినన్నాళ్లు ఆమె చేసింది. ఆమె పోయినాక పక్కింట్లో ఉండే శివన్న అక్క కృష్ణవేణమ్మ చేసింది. ఈ ఏడు మోకాళ్లు మొరాయిస్తే, తమ్ముడి కోడలు నాగలతకు అప్పగించింది.

పాలు కాచి, గోరువెచ్చన అయ్యేదాకా ఆరబెట్టి, చేమిరి వేసి తోడుపెట్టాలి. ఒక్కో గంగాళంలో ఒక గంటెడు పాత మజ్జిగ. అంతే పని.

నాగలత పాలు కాచింది. ఆరబెట్టింది. చేమిరి వెయ్యలేదు.

"నోరు తెరువు పిల్లా," అంది కృష్ణవేణమ్మ. "వేసినావా, వెయ్యలేదా?"

"వెయ్యలేదత్తా."

"ఎందుకు వెయ్యలేదు?"

నాగలత గోడకు ఆనుకుని నిలబడింది. చేతిలో మజ్జిగ గిన్నె అట్లాగే ఉంది. అందులో చేమిరి నిన్నటిదే.

"మర్చిపోయినా."

"మర్చిపోయినావు! అన్నం తినేది మర్చిపోతావా? ఊరు ఊరంతా పాలు తెచ్చి పోస్తే మర్చిపోయినా అంటాది. ఓ గోపీ, రారా, నీ పెండ్లాం చెప్పే మాట ఇనిపో."

శివన్న కొడుకు గోపీనాథ్ అప్పటికే వచ్చి నిలబడి ఉన్నాడు. బనియన్ మీదనే ఉన్నాడు. గంగాళాల వంక చూశాడు, పెండ్లాం వంక చూశాడు.

"అలారం పెట్టుకున్నావు గదా?"

"మోగింది."

"మోగితే?"

కృష్ణవేణమ్మ అందుకుంది.

"మోగితే ఏమే? ఇల్లు అదిరేట్టు రోజుకు నూరుసార్లు మోగుతాది గదా నీ ఫోను. ఈ ఒక్కసారికి చెవుడొచ్చిందా?"

అంతదాకా పక్కన నిలబడి చూస్తున్న శివన్న అప్పుడు నోరు తెరిచాడు. కోడలితో నేరుగా మాట్లాడే అలవాటు ఆయనకు లేదు. ఏం కావాలన్నా గిడ్డమ్మతోనో కొడుకుతోనో చెప్పించేవాడు. ఈ పొద్దు ఆమె ముందరే అన్నాడు.

"మతి లేనిదాని చేతికి కుండ గూడా ఇయ్యగూడదు. మనం గంగాళాలు ఇస్తిమి. తప్పు దానిది గాదులే అక్కా, మనది."

కృష్ణవేణమ్మ కూడా కొంగు దించి తమ్ముడి వంక చూసింది. ఆమె తిట్లకు ఒక హద్దు ఉంటుంది. ఈ మాట ఆ హద్దు దాటింది.

నాగలత గిన్నె కింద పెట్టి లోపలికి పోయింది.

*

శివన్న చేతులు కడుక్కోవడానికి వంటింట్లోకి పోయాడు. గిడ్డమ్మ పొయ్యి పక్కన నిలబడి మేకు వైపు చూస్తూ ఉంది.

"పెద్ద కవ్వం తలకిందులుగా ఎవరు తగిలిస్తిరబ్బా! పిడి కింద, పూవు పైన. ఇట్ల తగిలిస్తే తడి ఆరుతాదా?" అని తీసి సరిగ్గా తగిలించింది. "ఈ ఇంట్లో ఆడోళ్లెవరూ ఇట్ల పెట్టరే."

ఎవరినీ ఉద్దేశించి అన్నది కాదు. కవ్వంతో చెప్పినట్టు చెప్పింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, శివన్న చేతులు పంచెకు తుడుచుకున్నాడు. తడి లేని చేతులు.

నిన్న పొద్దుగూకినాక నీళ్లకని ఆయన వంటింటికి వచ్చాడు. అప్పటికి నాగలత ముందు గదిలో పుస్తకం ముందు కూర్చుని ఉంది. గిడ్డమ్మ పక్కన కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తూ ఉంది. ఎదురుగా ఒక మనిషి ఊరికే కూర్చుని తన పని తాను చేసుకుంటుంటే నాగలతకు చదువు సాగుతుందట. కర్నూలు డాక్టరమ్మ చెప్పిందట. గిడ్డమ్మకు చదువు రాదు, మాటలు ఎక్కువ. అయినా ఆ వేళకు నోరు మూసుకుని కాయలు ఒలిచేది.

వంటింటి గడపకు అడ్డంగా పెద్ద కవ్వం పడుకోబెట్టి ఉంది.

శివన్న దాన్ని చూశాడు. పండగకని గడపకు పసుపు పూసి, బొట్లు పెట్టి ఉంది. దాని మీద కట్టె. వెంకటేశ్వరమ్మ చేతి కవ్వం.

కోడలు ఆ సంగతి చెప్పే ఉంది. మందులు మొదలుపెట్టిన కొత్తల్లో ఒక పొద్దున నడిమింట్లో అందరినీ నిలబెట్టి చెప్పింది. "నాకు పని ఆగితే మర్చిపోతా. మధ్యలో కాచుకోవాల్సిన పనైతే ఇంకా మర్చిపోతా. అందుకని నేను పోయే దారిలో ఏదన్నా అడ్డం పెడ్తా. కాలికి తగిలితే గుర్తొస్తాది. చెంబు గానీ చాట గానీ దారిలో కనబడితే అది నేను పెట్టిందే. దయచేసి ఎవరూ తియ్యొద్దండి."

శివన్న అరుగు మీద నుంచే పేపరు చదువుతూ విన్నాడు. "ఊ" అన్నాడు కూడా.

నిన్న ఆ మాట ఆయనకు గుర్తుకొచ్చింది. రాలేదని తనకు తాను చెప్పుకోవచ్చు. ఇప్పుడు మేకు చూసినాక అట్లాగే చెప్పుకోబోయాడు. కాని గుర్తుకొచ్చింది. గుర్తుకొచ్చి, ఇంకొక మాట కూడా తోచింది. ఇన్ని గుర్తులు పెట్టుకుని బతికేదేం బతుకు, ఒక్కటి తీస్తే ఏమైపోతుందో చూద్దాం అని.

కవ్వం తీసి మేకుకు తగిలించాడు. నీళ్లు తాగాడు. పోయి పడుకున్నాడు.

అది పాల కోసమని ఆయనకు తెలియదు. తెలుసుకోవాలని కూడా అనుకోలేదు.

*

ఎండ ఎక్కకముందే ఓబుళేశు వచ్చాడు. సేవకు పెద్దమనుషుల్లో ఒకడు. వీధి అవతలి పక్క ఇల్లు. చెప్పులు విడవకుండానే అరుగు మీద కూర్చున్నాడు.

"ఏమప్పా శివన్నా, ఆటో పంపించినా. ఎమ్మిగనూరు నుంచి మజ్జిగ ప్యాకెట్లు వస్తాండాయి."

"ప్యాకెట్లా?"

"మరేం చేసేది? నడిచొచ్చే మనిషికి ఉత్త చేతులు చూపిస్తామా? మూలకు కత్తిరించి ఇస్తాం, తాగుతారు. పోయినేడు మీ అక్క చేతి మజ్జిగ తాగి, 'మల్లయ్య అభిషేకం ఈడే చేసినారే' అని ఆ ముసలాయన కన్నడంలో ఏడ్సె. ఈ ఏడు ప్యాకెట్టు చింపేటప్పుడు గూడా ఏడుస్తాడు లే."

శివన్న మీసం కొరుక్కున్నాడు.

"రేపటి గుంపు పెద్దది," అన్నాడు ఓబుళేశు. "ఊరోళ్లను పాలు మా ఇంట్లో పొయ్యమని చెప్పినా. కోపం చేసుకోవద్దు."

"నీ ఇంట్లోనా!"

"మా ఇంట్లో ఆడోళ్లకు మతి బాగానే ఉండాదప్పా." గొంతు తగ్గించాడు. "మీ కోడలికి కర్నూల్లో చూపిస్తాండారంట గదా. పిచ్చి మాత్రలంట. ముందే చెప్పింటే మేమే పెట్టుకుంటుంటిమి గదా."

"పిచ్చీ లేదు, గిచ్చీ లేదు," అన్నాడు శివన్న.

"మరేంది?"

ఆ కవ్వం తీసింది నేనే అని అక్కడ చెప్పాల్సిన మాట ఒకటుంది. నాలుగు ముక్కల మాట. శివన్న ఇంకొకటి చెప్పాడు.

"ఏందో ఇంగ్లీషు పేరు. ఏడీహెచ్‌డీ అంట. మనసు ఒకచోట నిలవదంట. చిన్నప్పటి నుంచి ఉంటాదంట. నాకేం తెలుసు?"

"సరే సరే," అని ఓబుళేశు లేచాడు. "ఇంటి పేరు పోతే పోయింది. భక్తుల కడుపు పాడుకాలేదు. అందుకు సంతోషపడు."

వాడు పోయినాక కూడా శివన్న అరుగు దిగలేదు. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందని ఊరంతా ఎవరెవరినో అన్నవాడు తను.

*

నడిమింట్లోంచి మాటలు వినిపించాయి. కిటికీ రెక్క తెరిచే ఉంది.

"సోమవారం కాలేజీ వద్దు," అంటున్నాడు గోపీనాథ్. "ఫోన్ చేసి చెప్పు."

ఎమ్మిగనూరులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీ. నాగలతకు వృక్షశాస్త్రం చెప్పే పని వచ్చింది. పెళ్లయినప్పటి నుంచి ఆమె రెండు ఉద్యోగాలు పట్టుకుంది, రెండూ పోగొట్టుకుంది. ఒకచోట జవాబు పత్రాలు దిద్ది బస్సులో మర్చిపోయింది. డాక్టరమ్మ దగ్గరికి పోయింది ఆ తర్వాతే. ఈ కాలేజీ మాట వచ్చినప్పుడు వెంటనే ఒప్పుకోకుండా, "రేపు చెప్తా" అని, రాత్రంతా ఆలోచించి, పొద్దున ఒప్పుకుంది. ఏది అడిగినా అప్పటికప్పుడు సరే అనడం కూడా ఈ జబ్బులో ఒక ముక్కేనట.

"చెప్తా," అంది నాగలత.

ఆమె ఎదురు తిరుగుతుందని గోపీనాథ్ అనుకుని ఉంటాడు.

"నేనేం నీ మీద పగబట్టి చెప్తాండానా? కర్నూలుకు తీసకపోయింది నేనే గదా. ఇంట్లో నీ గుర్తులన్నీ ఓర్చుకుంటి. తాళాలకొక తట్ట. మాత్రలు పళ్లు తోమే బ్రష్షు పక్కన. గ్యాసు దగ్గర టిక్కుటిక్కుమనే డబ్బా. నవ్వినోళ్లతో కొట్లాడినా గూడా."

"తెలుసు."

"తెలిస్తే మరెందుకు ఇట్ల చేస్తివి?"

"అలారం మోగింది. పోయి పాలల్లో వేలు పెట్టి చూసినా. కాలింది. అంత వేడిలో వేస్తే చేమిరి పనికిరాదు. ఇంకాసేపు ఆగాల. అలారం మల్ల పెడ్దామంటే గిడ్డమ్మ పిలిచె. అది పెట్టకుండా పోతానని నాకే తెలుసు. అందుకే కవ్వం తెచ్చి గడపకు అడ్డం పెట్టినా. పండుకునే ముందు నీళ్లకు పోతా గదా, కాలికి తగులుతాదని."

"తగిలిందా?"

"లేదు."

"అంటే పెట్టలేదు."

శివన్న అరుగు స్తంభం పట్టుకున్నాడు.

"పెట్టినట్టే గుర్తు," అంది నాగలత. ఆ గొంతులో ఏడుపు లేదు. లెక్కల్లో తప్పు వెతుకుతున్నట్టు ఉంది. "వంగి పెట్టింది గుర్తు. పసుపు చేతికి అంటింది గుర్తు. కాని పొద్దున చూస్తే మేకుకు ఉండాది. ఇంట్లో ఎవరూ తియ్యరు, చెప్పినా గదా అందరికీ. అంటే పెట్టాలనుకున్నదే పెట్టినట్టు నా మతిలో నిలిచిపోయింది."

"పోనీలే, ఇప్పుడు..."

"పోనీలే గాదు. డాక్టరమ్మ ఏం చెప్పిందో తెలుసా? నీ మతిని నమ్మొద్దు, బయట పెట్టిన గుర్తును నమ్ము అని చెప్పింది. దాన్ని పట్టుకునే ఇన్నాళ్లు నిలబడినా. నిన్నటి దాకా గ్యాసు ఒక్కసారి గూడా మర్చిపోలే. నీ బండి తాళం ఒక్కసారి పోలే. ఇప్పుడు గుర్తు పెట్టిందీ లేందీ గూడా నాకు తెలీకుంటే, ఇంక దేన్ని నమ్మాల? రేపు క్లాసులో పిల్లోళ్లకు పాఠం చెప్పినాననుకుంటా. చెప్పింటానో లేదో."



"మామ చెప్పింది నిజమే," అంది ఆమె. "మతి లేదు నాకు."

*

వెంకటేశ్వరమ్మ కొంగుకు ముడులు వేసుకునేది. ఉప్పు అయిపోతే ఒక ముడి. బర్రెకు తవుడు చెప్పాలంటే ఒక ముడి. పనైపోతే విప్పేది. ఒక్కోనాడు కొంగంతా ముడులే.

ఒకసారి పెళ్లికని ఇంటినిండా బంధువులు ఉన్నారు. శివన్న ఆమె కొంగు పట్టుకుని ఒక్కొక్క ముడి చూపించి, ఇది దేనికి, ఇది దేనికి అని అడిగాడు. నవ్వుతూనే అడిగాడు. రెండు చెప్పింది. మూడోది చెప్పలేకపోయింది. అందరూ నవ్వారు. ముడులన్నీ ఆయనే విప్పేశాడు.

ఆ తర్వాత ఆమె ముడి వెయ్యలేదు. మర్చిపోయినప్పుడల్లా తిట్లు తినింది. "నా బుద్ధే ఇంత" అని చివరిదాకా అనుకుంది. ఆ మాట కాదనాల్సిన మనిషి ఇంట్లో ఒక్కడే ఉన్నాడు. వాడు అనలేదు.

శివన్న లేచాడు.

నేరుగా లోపలికి పోయి ఉంటే సరిపోయేది. పోలేదు. పెరట్లోకి పోయాడు. గిడ్డమ్మ గంగాళాలు కుడితి తొట్లో వంచుతోంది. ఒక చెయ్యి పట్టాడు. మూడూ వంచారు. బూడిద వేసి తోమాలంటే నీళ్లు తోడాడు. ఇంత వయసొచ్చినా గంగాళం తోమడానికి నీళ్లు తోడడం ఆయనకు ఇదే మొదలు. గిడ్డమ్మ వింతగా చూసింది.

"ఏమి శివన్నా, ఒంట్లో బాగుండాదా?"

"నోరు మూసుకుని తోము."

చేతులు పనిలో ఉంటే నోటికి పని పడదని ఆయన లెక్క. మూడో గంగాళం మెరిసేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. ఊరి బయట గంటల చప్పుడు మొదలైంది. మల్లయ్యా, మల్లయ్యా అని కన్నడ గొంతులు.

అప్పుడు లోపలికి పోయాడు.

నాగలత మంచం మీద కూర్చుని ఉంది. ఫోన్ ఒళ్లో ఉంది. గోపీనాథ్ కిటికీ దగ్గర. మామను చూసి ఆమె లేచి తలుపు వారగా నిలబడింది.

"కూర్చో," అన్నాడు శివన్న.

కూర్చోలేదు.

"కవ్వం నువ్వు పెట్టినావు," అన్నాడు. "గడప మీద ఉండె. నేనే తీసినా."

గోపీనాథ్ తండ్రి వైపు తిరిగాడు. మొహంలో కోపం లేదు. జాలి ఉంది.

"ఎందుకు నాయనా, దాన్ని ఓదార్చాలని నువ్వు అబద్ధమాడేది? పొద్దున నోరు జారితివి, సరే. అది ఏమనుకోలే."

ఒక వాకిలి తెరుచుకుని ఉంది. అందులోంచి బయటికి పోవచ్చు. మంచి మామ అని పేరు కూడా వస్తుంది. ఆ పేరుతోనే పాడె ఎక్కవచ్చు.

నాగలత కూడా నమ్మినట్టు లేదు. "పోనీండి మామా," అంది. "మీరు అట్ల చెప్పద్దు. నాకింకా అయోమయం అయితాది."

ఆ మాటతో ఆయన వాకిలి తానే మూసుకున్నాడు.

"గిడ్డమ్మను పిలువు. కవ్వం మేకుకు ఎట్ల ఉండెనో అడుగు. పిడి కింద, పూవు పైన. ఈ ఇంట్లో ఆడది ఎవరన్నా అట్ల తగిలిస్తాదా? అట్ల తగిలించే గొడ్డును నేనొక్కడినే. నీళ్లకొచ్చి చూసినా, తీసినా."

గిడ్డమ్మ తలుపు దగ్గరే ఉంది, తోమిన మూత చేత్తో పట్టుకుని. "అవును," అంది మెల్లగా. "తలకిందులుగా ఉండె."

నాగలత చూపు ఆయన మీదనే ఉంది. కోడలిగా వచ్చిన నాటి నుంచి ఆమె మామ మొహం కేసి ఇంతసేపు చూసింది లేదు.

"నేను చెప్పింది మీరు విన్యారు గదా మామా? అడ్డం ఉండేది తియ్యొద్దని."

"విన్యా."

"అప్పుడు గుర్తుండెనా?"

శివన్న తల వంచాడు.

"గుర్తుండె."

వీధిలో గంటలు దగ్గరికొచ్చాయి. ఓబుళేశు గొంతు వినిపించింది, ప్యాకెట్లు ఈడ, ఈడ, తీసుకోండి స్వామీ అని.

"పొద్దున పెరట్లో అందరి ముందర గూడా గుర్తుండెనా?"

"అప్పటికి గుర్తు లే. మేకు చూసినాక వచ్చె. వచ్చినాక గూడా చెప్పలే."

ఆమె మెల్లగా మంచం మీద కూర్చుంది. కుడిచేతి వేళ్లు తిప్పి చూసుకుంది. గోళ్ల సందుల్లో పసుపు ఇంకా ఉంది. అది నిన్నటి నుంచీ అక్కడే ఉంది. ఆమె నమ్మలేదు, అంతే.

"పెట్టినా," అంది తనకు తానే. "పెట్టే ఉండినా."

"అవునమ్మా."

"ఇప్పుడే కాలేజీకి ఫోన్ చేసినా మామా. ప్రిన్సిపాల్‌తో మాట్లాడినా. నాకు మతి నిలవదు, పిల్లోళ్లకు చెప్పేదానికి పనికిరాను అని చెప్పినా. వేరేవాళ్లను చూసుకోమన్నా."

తాను గంగాళాలకు నీళ్లు తోడుతూ గడిపిన ఆ కాసేపట్లోనే అంతా అయిపోయింది. శివన్న తలుపు పట్టుకున్నాడు.

"మల్ల చెయ్యి," అన్నాడు గోపీనాథ్. "ఏముంది, పొరపాటు అయ్యిందని చెప్పు."

"ఏమని చెప్పేది? నా నోటితో నేనే చెప్తి గదా. మల్ల నేనే మార్చి చెప్తే ఎవరు నమ్ముతారు?"

ఆమె ఫోన్ తీసి నంబరు నొక్కింది. చెవి దగ్గర పెట్టుకోలేదు. లేచి వచ్చి శివన్న చేతిలో పెట్టింది.

"మీరు చెప్పండి మామా. జరిగింది జరిగినట్టు."

అవతల మోగుతోంది. శివన్న ఎన్నడూ ఎవరికీ తప్పయింది అని చెప్పినవాడు కాదు. పెండ్లానికి చెప్పలేదు. ఆమె పాడె లేపేటప్పుడు కూడా చెప్పలేదు.

"ఇట్లియ్యి నాయనా," అని గోపీనాథ్ చెయ్యి చాచాడు. "నేను మాట్లాడ్తా. నీకెందుకు?"

శివన్న ఇవ్వలేదు.

మోత ఆగింది. ఎవరో ఆడమనిషి గొంతు, తొందరలో ఉన్న గొంతు.

"హలో. ఎవరు మాట్లాడేది?"